దరిగంగమ్మ పెడమొగమైన కథ

బర్మాలోని రంగం పట్నం నుంచి రైల్లో వచ్చే యాత్రికులకు సాల్వీన్ నది మీది పొడవాటి వంతెన దాటుతూండగానే మౌల్మీన్ నగరం కనబడుతుంది. ఊరి వెన్నెముకలాగా సాగిన కొండ, దాని మీద వరసగా బంగారు పూత పూసిన బౌద్ధ స్తూపాలు, కొండ దిగువన నది పొడవునా పాత గిడ్డంగులు, మసీదులు, చర్చీలు, మనవాళ్ళ గుడులు. ఒకప్పుడు టేకు దుంగల కోసం దేశదేశాల ఓడలు ఈ రేవులో బారులు తీరేవి. కళింగపట్నం, భీమునిపట్నం, కోరంగి రేవుల్లో ఓడలెక్కిన తెలుగువాళ్ళు తరాల తరబడి ఇక్కడి రంపపు మిల్లుల్లో ఒళ్ళు హూనం చేసుకున్నారు. ఇప్పుడా ఓడలు లేవు. రేవులో మెట్లు పాచి పట్టి ఉన్నాయి. సాయంత్రం వేళ జనం నది ఒడ్డున కూర్చుని చేపల పులుసులో సేమ్యా వేసుకు తింటూ అవతల బీలూ ద్వీపం వెనక పొద్దు గుంకడం చూస్తారు.

నగరం చూడవచ్చిన మనవాళ్ళలో చాలామంది కొండ మీది స్తూపం చూసుకుని అంతటితో తిరిగిపోతారు. కొద్దిమంది మాత్రం పడవ కట్టించుకుని నది వెంట దిగువకు, నీళ్ళు ఉప్పగా మారే చోటికి వస్తారు. అక్కడ ఎడమ ఒడ్డున, మడ చెట్ల మధ్య ఉన్నదే రంపాలపేట. ఇప్పుడు అక్కడ మిల్లు లేదు. మిల్లు పొగగొట్టం పునాది, కొద్దిపాటి ఇళ్ళు, ఒక మంచినీళ్ళ బావి, రేకుల కప్పు వేసిన టేకు చెక్కల గుడి మిగిలాయి. ఆ గుడిలో వెలసిన తల్లి దరిగంగమ్మ. పేటలో అందరూ పెడమొగం అమ్మవారంటారు.

గుడి వాకిలి తూర్పుకు ఉంటుంది. లోపలికి తొంగిచూసిన భక్తునికి కనబడేది అమ్మవారి వీపు. చెక్కిన కొప్పు, కొప్పులో చెక్కిన మల్లెదండ, భుజాలు, వీపు మీదుగా జారిన పైటకొంగు కనిపిస్తాయి. అంతే దర్శనం. అమ్మ ముఖం పడమటి గోడలోని చిన్న కిటికీ వైపు, ఆ కిటికీలోంచి నది వైపు ఉంటుంది. కిటికీ కింద ఒడ్డు కోసుకుపోయి నిలువు బురద ఉంది కనుక అటునుంచి ఎవరూ వెళ్ళలేరు. వెళ్ళే ప్రయత్నం చేయవద్దని యాత్రికులకు మనవి.

ఈ తల్లి ఇలా ఎందుకు నిలబడిందో పేట పెద్దలు చెప్పగా విన్నది విన్నట్టు ఇక్కడ రాస్తున్నాం.

పూర్వం ఇక్కడ ఊరు లేదు. మడ అడవి, బురద, దోమలు. నది మీద తెప్పలుగా వచ్చే టేకు దుంగలు కోయడానికి ఒక మిల్లు పెట్టి, పని చేయడానికి కళింగపట్నం వైపు నుంచి మనుషుల్ని దింపారు. వారికి మేస్త్రీగా వచ్చినవాడు తవిటయ్య. మాట మీద నిలబడే మనిషి. పేటలో ఎవరింట్లో పొయ్యి వెలగకపోయినా ముందు ఆయనకే తెలిసేది. ఆయన భార్య సూరమ్మ. వాళ్ళకు ఇద్దరు ఆడపిల్లలు.

పేట కట్టిన తొలి వానాకాలంలోనే ఒక ఓడ మనుషులతో పాటు మరిడి జబ్బును కూడా దింపింది. వాంతులు, విరేచనాలు పట్టుకుని పొద్దున్న లేచిన మనిషి సాయంత్రానికి ఉండేవాడు కాదు. తవిటయ్య పిల్లలిద్దరూ ఒకే రోజు పోయారు. నీళ్ళు, నీళ్ళు అని అడుగుతూ పోయారు. నీళ్ళిస్తే జబ్బు ముదురుతుందని ఎవరో చెప్పగా తండ్రి ఇవ్వనివ్వలేదు. తడి ఆరని కట్టెల మీదే పిల్లల్ని కాల్చి వచ్చి, ఆయన చాలాకాలం ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆ మరుసటేడు ఒక వింత జరిగింది. దుంగలన్నీ ఎగువ కొండల నుంచి దిగువకు వస్తాయి కదా. ఒక దుంగ మాత్రం పోటు మీద సముద్రం వైపు నుంచి ఎదురెక్కి వచ్చి మిల్లు రేవులో ఆగింది. దాన్ని ఒడ్డుకు నెట్టడానికి తెచ్చిన ఏనుగు తొండం ఆనించి, వెనక్కి తగ్గి, కదలకుండా నిలబడిపోయింది. ఎలాగో మోకులు కట్టి పైకి లాగి రంపం పెడితే రంపం పళ్ళు విరిగాయి. ఆ రాత్రి తవిటయ్య కలలో తడి చీరతో ఒక ఆడమనిషి గుమ్మంలో నిలబడింది.

"మీ తీరం నుంచి మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాను. నన్ను కోయకు, నిలబెట్టు. ఈ నీళ్ళ మీద వచ్చేవాళ్ళని దరికి చేర్చే పని మీది. దరి చేరినవాళ్ళని కాచుకునే పని నాది" అన్నది.

తవిటయ్య నగరానికి వెళ్ళి, బుద్ధుని ముఖాలు చెక్కే ముసలి శిల్పిని బతిమాలి తీసుకొచ్చాడు. అతనికి గంగమ్మ ఎవరో తెలియదు. తనకు వచ్చిన ముఖమే చెక్కాడు. వాల్చిన రెప్పలు, నవ్వీ నవ్వని పెదవులు. గుడ్లురుముతూ నాలుక చాపిన అమ్మ కావాలనుకున్న ఆడవాళ్ళు మొదట గొణిగారు. నాలుగు పండగలు గడిచేసరికి ఆ ముఖం వాళ్ళకు కన్నతల్లి ముఖమైపోయింది. పిల్లలు పోయిన తరువాత సూరమ్మ మొదటిసారి నవ్వింది ఆ ముఖం చూసేనని చెప్పుకుంటారు. దరి చేరినవాళ్ళని కాచే తల్లి కనుక దరిగంగమ్మ అని పేరు పెట్టారు. తూర్పు వాకిలికి ఎదురుగా, పేటను చూస్తున్నట్టు నిలబెట్టారు. ఆ తరువాత ఏళ్ళ తరబడి పేటలో మరిడి అడుగుపెట్టలేదు.

పేట కుదుటపడ్డాక తవిటయ్య స్వగ్రామానికి కబురు పెట్టాడు. అక్కడ వరసగా వానల్లేక జనం ఆకులు ఉడకబెట్టుకు తింటున్న కాలమది. తమ్ముడు గవరయ్యనూ, అతని భార్యాపిల్లల్నీ, రాదలచిన ఊరివాళ్ళనూ ఓడెక్కమన్నాడు. ఎండాకాలం చివర ఆ ఓడ నది ముఖం దగ్గరికి వచ్చింది.

వచ్చి, లోపలికి రాలేక ఆగిపోయింది. గాలి బొత్తిగా స్తంభించింది. తెరచాపలు గుడ్డపేలికల్లా వేలాడుతున్నాయి. ఇసుకమేట అవతల లంగరు వేసి, ఓడ మీది జనం చీరలూ పంచెలూ ఊపుతూ కేకలు వేశారు. పడవలు పంపితే దిగిపోవచ్చునని వాళ్ళ ఆశ. అంతమందిని దింపగల పడవలు రంపాలపేటవే.

అదే పొద్దున నై ఆంగ్ అనే మోన్ జాతి జాలరి వలలు తీసుకుని ఆ పక్కగా వచ్చాడు. పేటలో చేపలమ్మేవాడు కనుక అందరికీ తెలిసినవాడు. ఓడ మీది మనుషులు కమ్మీ పట్టుకుని వంగి వాంతులు చేసుకుంటున్నారనీ, ఒక శవాన్ని నీళ్ళలోకి జారవిడవడం చూశాననీ సైగలతో, వచ్చీరాని మాటలతో చెప్పాడు. అతను చూసింది చెప్పాడు. అందులో అతని తప్పేమీ లేదు.

మరిడి అనే మాట ఒక్క గడియలో పేటంతా పాకింది. తవిటయ్య గుడి ముందు అందర్నీ పిలిచాడు.

"ఒక్క పడవా కదలకూడదు. నగరం నుంచి ఎవరైనా అధికారులొస్తే ఆళ్ళే సూసుకుంటారు. తెడ్లన్నీ తెచ్చి అమ్మ ముందర పెట్టండి" అన్నాడు.

జనం తలలూపారు. వాళ్ళ అక్కచెల్లెళ్ళూ అన్నదమ్ములూ కూడా ఆ ఓడ మీదే ఉన్నారు. అయినా తలలూపారు. ఒక్క సూరమ్మ లేచి నిలబడింది.

"ఆ ఓడ మీదున్నది మరిడి కాదు మావా, మా మరిది. నువ్వు కబురెడితే వచ్చినాడు."

"నాను కబురెట్టినప్పుడు జబ్బు నేదు. ఇప్పుడుంది. మన పిల్లల్ని ఏ ఒడ్డున కాల్చినామో మర్సిపోనావా?"

"మర్సిపోనేదు. దాహం, దాహం అంటా ఎలా పోయినారో నానింకా మర్సిపోనేదు. దింపొద్దు, సరే. నీళ్ళైనా అంపించు."

తవిటయ్య తల అడ్డంగా ఊపాడు. అప్పుడు సూరమ్మ అమ్మనే అడుగుదామన్నది. అమ్మవారి కుడి భుజం మీద ఒక పువ్వు, ఎడమ భుజం మీద ఒక పువ్వు పెట్టడం పేటలో అలవాటు. కుడి పువ్వు రాలితే అవునని, ఎడమది రాలితే కాదని అర్థం. దిక్కుతోచని ప్రతిసారీ అలాగే అడిగి, అమ్మ చెప్పినట్టే నడుచుకున్నారు. సూరమ్మ స్నానం చేసి వచ్చి, రెండు నందివర్ధనాలు పెట్టి, ఓడవాళ్ళని దరికి తేవాలా అని గట్టిగా అడిగింది. అందరూ చూస్తుండగా కుడి పువ్వు రాలింది.

తవిటయ్య రాలిన పువ్వు వంక చూశాడు.

"గాలికి రాలింది" అన్నాడు.

గాలి లేకే ఆ ఓడ అక్కడ నిలిచిపోయిందని అక్కడున్న ప్రతి మనిషికీ తెలుసు. ఒక్కరూ ఆ మాట అనలేదు. ఒకరి వెనక ఒకరు తెడ్లు తెచ్చి గుడిలో అమ్మవారి పాదాల దగ్గర పడేసి వెళ్ళిపోయారు. తవిటయ్య తలుపు దగ్గరికి లాగి, గడప మీద కూర్చున్నాడు.

గాలి లేనప్పుడు నీళ్ళ మీద మాట చాలా దూరం వినిపిస్తుంది. మధ్యాహ్నానికి ఓడ మీది కేకలు పేటలోకి స్పష్టంగా రాసాగాయి. మొదట "ఓ పడవా" అని పిలిచారు. తరువాత పేర్లు పెట్టి పిలవడం మొదలెట్టారు. "ఓ లచ్చన్నా, ఓలప్పా ఎర్రమ్మా, నాను నీ సెల్లినే." పేరు వినబడిన ఇంట్లో మనుషులు తలుపులు వేసుకుని చెవులు మూసుకున్నారు. "తవిటన్నా, ఓ తవిటన్నా" అని గవరయ్య గొంతు వినిపించింది. తవిటయ్య కాసేపు విన్నాడు. ఆ తరువాత డప్పులు తెమ్మన్నాడు. అమ్మకు జాతర చేస్తే మరిడి తొలగిపోతుందని చెప్పి, ఆపకుండా వాయించమన్నాడు. డప్పుల మోతలో కేకలు కలిసిపోయాయి. ఆ రోజంతా, రాత్రంతా, మర్నాడు తెల్లవారాక కూడా, ఒకళ్ళ చేతులు నొప్పెడితే ఇంకొకళ్ళు అందుకుని వాయించారు.

మర్నాడు పొద్దున్నే సూరమ్మ బావి నుంచి రెండు కుండలు నిండా నీళ్ళు తోడింది. తెడ్లు లేని పడవలు దాటుకుని నడిచి, నై ఆంగ్ గుడిసె దగ్గరికి వెళ్ళింది. అతను తవిటయ్య మాటకు కట్టుబడ్డవాడు కాదు. ఆమెకు మోన్ భాష గానీ బర్మా భాష గానీ రాదు. నీళ్ళను బర్మా భాషలో "యే" అంటారని మాత్రం తెలుసు. కుండలు చూపించి, ఓడ చూపించి, "యే, యే" అన్నది. అతను భయపడ్డాడు. భార్యతో ఏదో మాట్లాడాడు. చివరికి కుండలు తానే మోసి పడవలో పెట్టాడు.

ఓడ పక్కకు చేరగానే సూరమ్మకు సంగతి తెలిసిపోయింది. మరిడితో మనుషులు పోయిన ఇంటి వాసన ఆమె ఎరుగును. అక్కడ ఆ వాసన లేదు. నడిసముద్రంలో గాలి పడిపోయి రోజుల తరబడి కదలక, పీపాల్లో నీళ్ళు అయిపోయి, దాహం తాళలేక ఉప్పునీళ్ళు తాగి కక్కుకుంటున్న మనుషులు. నాలుకలు వాచి మాట పెగలడం లేదు. పసివాళ్ళు కొందరు అప్పటికే పోయారు. గవరయ్య గొంతు పోయేదాకా అరిచి, తాడు చుట్టకు ఆనుకుని పడి ఉన్నాడు. వదినను చూసి లేవబోయి లేవలేకపోయాడు.

సూరమ్మ నై ఆంగ్ చెయ్యి పట్టుకుని, "జబ్బు నేదు మావా, దాహమే, పడవలంపు" అని చెప్పి, మళ్ళీ చెప్పి, అతని చేత అనిపించింది. ఆ మాటలకు పూర్తి అర్థం అతనికి తెలియదు. తప్పిపోకుండా ఒప్పజెప్పగలడని నమ్మకం కుదిరాక పొమ్మన్నది. తాను ఓడ ఎక్కి, పైటకొంగు చింపి కుండలో ముంచి, ఒక్కొక్కరి పెదవులు తడుపుతూ వెళ్ళింది.

నై ఆంగ్ తెడ్డు వేస్తున్నంతసేపూ ఆ మాటలే వల్లించుకుంటూ వచ్చాడు. రేవులో దిగి పరుగెత్తుతూ అరిచాడు. డప్పుల మోతలో ఎవరికీ వినబడలేదు. మనిషి మనిషి దగ్గరికీ వెళ్ళి అరిచాడు. పిచ్చెక్కిందనుకున్నారు. చివరికి వాయిస్తున్నవాడి చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపి, ఆ నిశ్శబ్దంలో, తన యాసలో, సూరమ్మ మాటలు అప్పజెప్పాడు. "జబ్బు నేదు మావా, దాహమే, పడవలంపు."

తవిటయ్యకు అది తన భార్య గొంతులాగే వినబడిందట. లేచి, తెడ్ల కోసం గుడి తలుపు తోశాడు. అమ్మవారి ముఖం ఉండవలసిన చోట కొప్పు ఉంది. రాత్రింబవళ్ళు గడప మీద కూర్చున్నది తానే. లోపలికి ఎవరూ వెళ్ళలేదు. ఒక తెడ్డు కూడా స్థానం కదల్లేదు. అమ్మ ఒక్కతే పేటకు వీపు పెట్టి, పడమటి గోడ వైపు తిరిగి ఉంది.

వెనక వచ్చినవాళ్ళు గడప దగ్గరే నిలిచిపోయారు. తవిటయ్య మాత్రం తెడ్లు ఏరి బయటికి విసరడం మొదలెట్టాడు. ఆడా మగా అందరూ పడవలకు పరుగెత్తారు. అప్పటికే నైరుతిలో ఆకాశం నల్లబడింది. అన్నాళ్ళూ లేని గాలి ఒక్కసారిగా లేచింది. పడవలు ఇసుకమేట చేరేసరికి అలలు మనిషిని మించి లేస్తున్నాయి. వాళ్ళ కళ్ళ ముందే లంగరు తాడు తెగి, ఓడ మేట మీదికి కొట్టుకొచ్చి, ఒక పక్కకు ఒరిగింది. ఓడ మీది ముఖాలు గుర్తుపట్టగలిగినంత దగ్గర. చెయ్యి అందించలేనంత దూరం. తవిటయ్య నీళ్ళలోకి దూకితే పక్కవాళ్ళు జుట్టు పట్టి వెనక్కి లాగారు. వాన తెర అడ్డం పడింది. తెర తొలగేసరికి మేట మీద తెరచాప కొయ్య ఒక్కటి కనబడింది. తరువాత అదీ లేదు.

ఆ వారమంతా పోటు వచ్చిన ప్రతిసారీ ఒడ్డుకు శవాలు వచ్చాయి. దరి చేరినవాళ్ళకు పేటవాళ్ళే స్నానాలు చేయించి, గుడ్డలు కట్టి, దహనం చేశారు. గవరయ్య వచ్చాడు. సూరమ్మ రాలేదు.

అమ్మను మళ్ళీ పేట వైపు తిప్పాలని ఎన్నో ప్రయత్నాలు జరిగాయి. మొక్కులు మొక్కారు. మనుషులు చాలక ఏనుగును తెచ్చి మోకులు కట్టారు. విగ్రహం ఆవగింజంత కదల్లేదు. ఆఖరికి ఒక పెద్దావిడ, అమ్మ గోడను చూస్తూ ఎందుకుండాలి, చూడాలనుకున్నదాన్నయినా చూడనివ్వండని చెప్పి పడమటి గోడకు కిటికీ కోయించింది. ఆ కిటికీలో దీపం పెట్టారు. అమ్మ ముఖం నీళ్ళ మీద ఒడ్డు దొరకనివాళ్ళకేనని పేటలో అనుకుంటారు. అందుకే ఇల్లూ వాకిలీ ఉన్న జాలరి ఎవడూ ఆ కిటికీ ముందు నుంచి పోయేటప్పుడు తలెత్తి చూడడు.

తవిటయ్య మేస్త్రీ పని మానుకుని గుడి ఊడ్చేవాడయ్యాడు. ప్రతి ఉదయం అమ్మ భుజాల మీద రెండు పువ్వులు పెట్టి, "తల్లీ, తప్పు కాసినావా?" అని అడిగేవాడు. కుడిది రాలేది కాదు, ఎడమదీ రాలేది కాదు. కాదని చెప్పినా ఆయనకు కొంత నెమ్మదిగా ఉండేదేమో. పువ్వులు అక్కడే వాడి ఎండిపోయేవి. అలాగే ముసలివాడైపోయాడు. నడవలేని రోజుల్లో కూడా ఎవరో ఒకరు మోసుకుపోయి రేవులో కూర్చోబెడితే, నీళ్ళ వైపు చూసి సూరమ్మను, తమ్ముణ్ణి పిలిచేవాడు. ఆయన పోయిన రోజు పేట పెద్దలు చివరిసారిగా పువ్వులు పెట్టి ఆయన తరఫున అడిగారు. అప్పుడూ రాలలేదు. ఆనాటి నుంచి ఈ గుడిలో పువ్వు అడగడం లేదు. డప్పు మోగించడమూ లేదు. పెళ్ళి ఊరేగింపులైనా పేట పొలిమేరలో వాయిద్యాలు ఆపి, నడిచి వస్తాయి.

కాలక్రమంలో మిల్లు మూతబడింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పేటలో సగం మంది కాలినడకన స్వదేశం బయలుదేరారు. వారిలో ఎందరు చేరారో తెలియదు. మిగిలినవారి సంతతి నేటికీ ఇంట్లో తెలుగు, వీధిలో బర్మా, మోన్ భాషలు మాట్లాడుకుంటూ ఈ గుడిని చూసుకుంటున్నారు. ఇప్పుడు దీపం పెట్టేది మంగాయమ్మ గారు. ఆమె నై ఆంగ్ వంశంలోకి కోడలుగా వెళ్ళినావిడ. అమ్మను ఏం కోరుకోవాలని యాత్రికులు అడిగితే ఆమె ఒకటే చెబుతారు. "నీ కోసం ఏటీ అడక్కు బాబూ. ఈ తల్లి ఇటు సూడదు."

కనుక సంతానం, వివాహం, ఉద్యోగం కోరి వచ్చేవారు నగరంలోని ఇతర ఆలయాలను సేవించుకోవచ్చును. రంపాలపేటలో అలాంటి ఫలం లభించిందని చెప్పడానికి మా దగ్గర దృష్టాంతం లేదు. ఇక్కడ ఒక్క ఆచారమే ఉంది. పేటకు ఎవరు వచ్చినా, ఏ దేశంవారైనా, ఒంట్లో ఏ జబ్బున్నా, ముందు మంచినీళ్ళు ఇస్తారు. ఆ తరువాతే పేరు అడుగుతారు. ఆమధ్య ఒక వానాకాలంలో ఎక్కడివారో, ఏ భాషవారో తెలియని మనుషులతో ఒక పడవ బురదలో చిక్కుకుంటే, మోకాటి లోతున దిగి నీళ్ళందించినవారు ఈ పేట ఆడవాళ్ళే. ఆ పూట కొందరు ఆశపడి గుడిలోకి వెళ్ళి చూశారు. అమ్మ ఎప్పటిలాగే ఉంది.

దర్శనానికి వచ్చినవారు బావి నుంచి ఒక కుండ నీళ్ళు తోడుకుని, పోటు వేళకు రేవు చివరి మెట్టు దాకా వెళ్ళాలి. నీళ్ళను నదిలోకి మెల్లగా వంచాలి. వంచుతూ, "అమ్మల్లారా, బాబుల్లారా, రండి, నీళ్ళు తాగండి" అని గట్టిగా పిలవాలి. పిలిచిన వెంటనే వెనుదిరగకూడదు. జవాబు వస్తుందేమోనని, చప్పుడు చేయకుండా, అక్కడే నిలబడాలి. ఇంతవరకు ఎవరూ పలకలేదు. కొందరు కాసేపు నిలబడతారు. కొందరు నీళ్ళు పాటు పట్టి వెనక్కి తగ్గి, ఇసుకమేట బయటపడే దాకా నిలబడతారు.